ఇనుప బల్ల మీద తుప్పు: తుడిచిన చేతుల చరిత్ర

ఈసారి పత్రికకు ఎవరి ఇంటి పని గురించి వాళ్ళు చరిత్ర వ్యాసం రాయాలని మా సాంఘికశాస్త్రం మాస్టారు చెప్పారు. మాది వడ్రంగం ఇల్లు. ఉలి, బాడిస, రంపం గురించి రాస్తానని మా క్లాసులో అందరూ అనుకున్నారు. నేను తుప్పు గురించి రాస్తున్నాను.

దానికి కారణం ఉంది. మా షెడ్డులో సాయంత్రం మిషను ఆపేశాక చివరి పని ఒకటుంటుంది. పొట్టు ఊడ్చి, మిషను బల్లను పాత నూలుగుడ్డతో తుడవాలి. ఎంత ఆలస్యమైనా, ఎంత అలసిపోయినా ఆ పని మానరు. మా తాత ఇప్పుడు పని చేయడం లేదు కానీ, సాయంత్రం అయ్యేసరికి "బల్ల తుడిచినారా?" అని ఇంట్లోంచే అడుగుతాడు. ఈ అలవాటు ఎక్కడినుంచి వచ్చింది? ఎవరు మొదలుపెట్టారు? అడిగితే "మా నాయన చెప్పినాడు, నేను చేసినా" అన్నాడు తాత. అక్కడినుంచి వెనక్కి వెతుక్కుంటూ పోతే ఈ వ్యాసం తయారైంది.

రంగు వేయలేని చోటు

ముందు ఆ మిషను గురించి చెప్పాలి. దాన్ని మేము చిత్రిక మిషను అంటాం. చేత్తో చిత్రిక పట్టే పనిని అది కరెంటుతో చేస్తుంది. రెండు ఇనుప బల్లలు, వాటి మధ్య సందులో గిరగిర తిరిగే ఒక గుండ్రటి కడ్డీ, ఆ కడ్డీకి బిగించిన పదునైన బ్లేడ్లు, ఇదీ దాని రూపం. పలకను బల్లమీద పెట్టి ముందుకు తోస్తే అడుగువైపు పొరగా చెక్కుకుపోతుంది. బల్ల ఎంత చదునుగా ఉంటే పలక అంత చదునుగా వస్తుంది. బల్లలో గుంట ఉంటే మనం చేసే తలుపులో వంకర ఉంటుంది.

మిషను కాళ్ళకు, ఒంటికి ఆకుపచ్చ రంగు వేసి ఉంటుంది. బల్లకు మాత్రం రంగు ఉండదు. ఎందుకంటే రోజంతా దానిమీద కర్ర రాసుకుంటూ పోతుంది. రంగు వేస్తే నాలుగు రోజుల్లో అరిగిపోతుంది, అరిగినచోట ఎత్తుపల్లాలు వస్తాయి. అంటే మిషనులో ఎక్కువ పనిచేసే భాగానికే రక్షణ తక్కువ. ఈ ఒక్క చిక్కు చుట్టూనే ఈ చరిత్ర అంతా తిరుగుతుంది.

మరి బల్లను వేరే లోహంతో చేయకూడదా అని నేను నాయనను అడిగాను. బల్ల పోత ఇనుముతో చేస్తారు. పోత ఇనుములో కర్బనం సుమారు 2 నుంచి 4 శాతం ఉంటుంది. అందులో చాలాభాగం సన్నటి గ్రాఫైటు రేకుల్లాగా ఇనుములో కలిసి ఉంటుంది. ఈ రేకుల వల్ల మిషను అదురు బల్లలోనే అణగిపోతుంది. పోత పోయడం సులువు, చదును చేయడం సులువు, బరువు వల్ల మిషను కదలదు. ఇన్ని మంచి గుణాలున్నా తుప్పుకు మాత్రం అది లోకువే.

చెక్క మిషన్లు ఇనుప మిషన్లు అయిన కాలం

పాత వడ్రంగంలో ఇనుము తక్కువ. చిత్రికకు ఒళ్ళంతా కర్ర, మధ్యలో ఉలిలాంటి బ్లేడు ఒక్కటే ఇనుము. ఆ కాస్త ఇనుముకు కాస్త నూనె రాస్తే సరిపోయేది. రోజూ సానరాయి మీద నూరుతుంటే తుప్పు పట్టే తీరికే ఉండదు. మొదట్లో వచ్చిన యంత్రాల చట్రాలు కూడా చాలావరకు కర్రవే.

ఇంగ్లండులో సామ్యూల్ బెంథాం అనే ఇంజనీరు 1791లోను, 1793లోను కర్రపని యంత్రాలకు పేటెంట్లు తీసుకున్నాడు. చిత్రిక పట్టడం కూడా యంత్రంతో చేయించవచ్చని ఆలోచించిన తొలివాళ్ళలో ఆయన ఒకడు. తరువాత ఆయన బ్రిటిష్ నౌకాదళంలో పెద్ద అధికారి అయ్యాడు. అప్పట్లో ఓడలన్నీ తెరచాపలవి. ఒక పెద్ద యుద్ధనౌకలో తాళ్ళు లాగడానికి వెయ్యికి దగ్గరగా కర్ర గిలకలు కావాలి. వాటిని చేత్తో చేయడం ఎంత పనో ఊహించుకోండి.

ఫ్రాన్సులో పుట్టి, విప్లవం రోజుల్లో దేశం విడిచి, 1799లో ఇంగ్లండు చేరిన మార్క్ బ్రునెల్ ఈ గిలకలు చేసే యంత్రాలను రూపొందించాడు. హెన్రీ మాడ్‌స్లే అనే గొప్ప పనిమంతుడు వాటిని లోహంతో తయారు చేశాడు. పోర్ట్స్‌మత్ రేవులో 1802 తరువాత కొద్ది ఏళ్ళలో వాటిని బిగించారు. అంతకుముందు 110 మంది నేర్పరులు చేసే పనిని అక్కడ 10 మంది చేయగలిగారు. 1808 నాటికి ఏడాదికి 1,30,000 గిలకలు తయారయ్యేవి.

ఈ పోర్ట్స్‌మత్ కథను యంత్రాలతో ఒకే రకం వస్తువులను పెద్దఎత్తున తయారు చేయడానికి మొదటి ఉదాహరణల్లో ఒకటిగా చెబుతారు. నాకు ఇందులో ఇంకో సంగతి కనిపించింది. పోర్ట్స్‌మత్ సముద్రపు ఒడ్డు. ఉప్పుగాలి, తేమ. అలాంటిచోట లోహపు యంత్రాలు. వాటిలో కొన్ని నూరేళ్ళు దాటి, 20వ శతాబ్దంలో కూడా పనిచేశాయి. కొన్నిటిని ఇప్పుడు లండన్ సైన్స్ మ్యూజియంలో పెట్టారు. ఉప్పుగాలిలో ఇనుము నూరేళ్ళు దానంతట అది నిలవదు. ఎవరో తుడిచారు, ఎవరో నూనె రాశారు. బ్రునెల్ పేరు, మాడ్‌స్లే పేరు పుస్తకాల్లో ఉన్నాయి. నూనెగుడ్డ పట్టుకున్నవాళ్ళ పేర్లు నాకు ఏ పుస్తకంలోనూ కనిపించలేదు.

తుప్పు ఎలా పడుతుంది?

మనం సైన్సు పుస్తకంలో మూడు పరీక్షనాళికల ప్రయోగం చదివాం. ఒకదానిలో మేకులు, నీళ్ళు, గాలి ఉంటాయి. రెండోదానిలో మరిగించిన నీళ్ళు, పైన నూనె పొర ఉంటాయి, అంటే నీళ్ళున్నా గాలి లేదు. మూడోదానిలో పొడి గాలి మాత్రమే ఉంటుంది. మొదటిదానిలో మేకులకే తుప్పు పడుతుంది. అంటే తుప్పుకు నీరు, ఆక్సిజన్ రెండూ కావాలి. లోహాలు గాలిలోని ఆక్సిజన్‌తో కలిసి బరువెక్కుతాయని 1770లలో ఫ్రాన్సులో లావోజియే నిరూపించాడు.

అయితే మా షెడ్డులో బల్లమీద ఎవరూ నీళ్ళు పోయరు కదా, తుప్పు ఎలా వస్తుంది? దీనికి జవాబు 1930లలో ఇంగ్లండులో వెర్నన్ అనే శాస్త్రవేత్త చేసిన ప్రయోగాల్లో ఉంది. గాలిలో తేమ ఒక హద్దు దాటేవరకు ఇనుము తుప్పు నెమ్మదిగా ఉంటుంది, సుమారు 60 శాతం దాటితే వేగం ఒక్కసారిగా పెరుగుతుంది. గాలిలో మురికివాయువులు, దుమ్ము ఉంటే మరీ ఎక్కువ. చెన్నైలో ఉండేవాళ్ళకు తేమ సంగతి వేరే చెప్పనక్కర లేదు. ఏడాదిలో చాలా రోజులు గాలి ఆ హద్దుకు పైనే ఉంటుంది.

ఇంకోటి మంచు. చల్లటి నీళ్ళు పోసిన స్టీలు గ్లాసు బయట నీటిబొట్లు పేరుకుంటాయి కదా. బరువైన ఇనుప బల్ల రాత్రంతా చల్లబడి ఉంటుంది. పొద్దున్నే వెచ్చటి తేమగాలి తగిలితే దానిమీద కంటికి కనిపించనంత సన్నటి నీటిపొర పడుతుంది. సముద్రపు ఉప్పు దానికి తోడైతే పని ఇంకా తొందరగా జరుగుతుంది. పొట్టు ఊడ్వకుండా వదిలితే అది గాలిలో తేమను పీల్చుకుని, తడిగుడ్డ కప్పినట్టు బల్లమీద కూచుంటుంది. తాత రోజూ తుడవమనడంలో ఉన్న సైన్సు ఇదే.

పచ్చి కర్రతో ఇంకో ఇబ్బంది. తుమ్మలాంటి కర్రను పచ్చిగా బల్లమీద వదిలేస్తే పొద్దునకు నల్లటి మచ్చ పడుతుంది. కర్రలో ఉండే టానిన్ అనే వగరు పదార్థం ఇనుముతో కలిస్తే నలుపు వస్తుంది. ఇది మనవాళ్ళకు ఎప్పటినుంచో తెలుసు. శ్రీకాళహస్తి కలంకారీలో నల్లరంగు ఇలాగే చేస్తారు. ఇనుపముక్కలను బెల్లం నీళ్ళలో నానబెట్టి పులియనిచ్చి, ఆ నీళ్ళతో కరక్కాయ రసం పట్టించిన బట్టమీద గీస్తే గీత నల్లగా తిరుగుతుంది. కరక్కాయలో కూడా ఆ వగరే ఉంది. బట్టమీద అందంగా ఉండే ఆ నలుపే మా బల్లమీద మచ్చ.

పెద్ద మందులు, చిన్న మందులు

తుప్పుకు మందులు కనిపెట్టిన పెద్దవాళ్ళు చాలామంది ఉన్నారు. ఇనుముమీద జింకు పూత వేసే పద్ధతికి ఫ్రాన్సులో సోరెల్ 1837లో పేటెంటు తీసుకున్నాడు. మన ఇళ్ళమీది రేకులు, బావిదగ్గర బకెట్లు దాని చలవే. 1913లో షెఫీల్డులో హ్యారీ బ్రియర్లీ తుప్పు పట్టని ఉక్కును తయారు చేశాడు. మన వంటింట్లో గిన్నెలన్నీ ఆ జాతివే.

మన దేశంలో ఢిల్లీ ఇనుప స్తంభం సంగతి అందరికీ తెలుసు. ఏడు మీటర్ల పొడవు, ఆరు టన్నులకు పైగా బరువు, వయసు సుమారు 1600 ఏళ్ళు. ఆ ఇనుములో భాస్వరం ఎక్కువ. దానివల్ల స్తంభంమీద ఏర్పడిన సన్నటి పొరే లోపలి ఇనుమును కాపాడుతోందని ఐఐటీ కాన్పూరు ప్రొఫెసర్ ఆర్. బాలసుబ్రమణ్యం పరిశోధనలు చెప్పాయి.

ఇవన్నీ గొప్పవే కానీ మా బల్లకు పనికిరావు. జింకు మెత్తన, కర్ర రాసుకుంటే అరిగిపోతుంది. స్టెయిన్‌లెస్ బల్ల అంటే ఖర్చు భరించలేం, పోత ఇనుములాగా అది అదురును అణచదు. ఢిల్లీ స్తంభానికి దాని పొరే కవచం, ఎందుకంటే అది కదలకుండా నిలబడితే చాలు. బల్లమీద అలాంటి పొర ఏర్పడ్డా రోజూ కర్రతో గీకుడు పడి పోతుంది. కాబట్టి బల్లకు మిగిలినవి చిన్న మందులే. ఈ రోజు రాస్తే రేపు పోయేవి, మళ్ళీ రాయాల్సినవి.

పాతకాలంలో జంతువుల కొవ్వు రాసేవాళ్ళు. యంత్రాలను ఓడల్లో దూరదేశాలకు పంపేటప్పుడు మెరిసే భాగాలకు తెల్లసీసం, కొవ్వు కలిపి దట్టంగా పూసేవాళ్ళు. సన్నపాటి యంత్రాలకు స్పెర్మ్ తిమింగలం నూనె వాడేవాళ్ళు. దానికోసం ఆ తిమింగలాలను లెక్కలేనన్ని చంపారు. 1859లో అమెరికాలోని పెన్సిల్వేనియాలో డ్రేక్ నూనెబావి తవ్వాక భూమిలోంచి వచ్చే నూనె చవకగా దొరకసాగింది. అక్కడి నూనెబావుల కడ్డీలకు అంటుకునే జిడ్డును శుద్ధి చేసి చీస్‌బ్రో అనే ఆయన 1872లో వాజిలిన్‌కు పేటెంటు తీసుకున్నాడు. మనం చలికాలంలో పెదాలకు రాసుకునే ఆ వాజిలిన్ ఉక్కు పనిముట్లకూ పనికొచ్చింది.

మన దేశంలో ఆముదం ఉంది. దీపాలకూ, బండి ఇరుసులకూ, రైళ్ళు వచ్చాక ఇంజన్లకూ ఆముదం వాడారు. వేరుసెనగ నూనె రాస్తే కొన్నాళ్ళకు బంకలాగా అవుతుంది, దుమ్ము పట్టుకుంటుంది. ఆముదం అలా ఎండి గట్టిపడదు. ఇంగ్లండులో వేక్‌ఫీల్డ్ కంపెనీ 1909లో క్యాస్ట్రాల్ అని పేరు పెట్టిన నూనెలో ఆ పేరు ఆముదం ఇంగ్లీషు పేరునుంచే వచ్చింది.

1953లో అమెరికాలోని శాన్ డియేగోలో రాకెట్ కెమికల్ కంపెనీ నీటిని తోసేసే ఒక ద్రవం కోసం ప్రయత్నించి, నలభయ్యోసారి సాధించింది. అందుకే దానిపేరు డబ్ల్యూడి-40. అట్లాస్ అనే క్షిపణి ఒంటికి తుప్పు పట్టకుండా దాన్ని వాడారు. 1958 నుంచి దుకాణాల్లో అమ్మారు. ఇప్పుడు మా వీధి హార్డ్‌వేర్ షాపులో కూడా ఉంది. తడిని తరిమేందుకు అది మంచిదే కానీ పొర పలచన, ఎక్కువ రోజులు నిలవదు.

నూనెతో ఒక చిక్కుంది. బల్లమీది నూనె కర్రకు అంటితే ఆ కర్రకు పాలిషు సరిగా పట్టదు. అందుకని వడ్రంగులు నూనె రాసి తుడిచేసి, పైన మైనం రుద్దుతారు. తేనెమైనం గానీ మామూలు కొవ్వొత్తి గానీ చాలు. మైనం పొడిగా ఉంటుంది, కర్రకు అంటదు, తేమను ఆపుతుంది. పైగా పలక జర్రున జారుతుంది. పనిముట్ల పెట్టెలో తాత కర్పూరం బిళ్ళ కూడా వేస్తాడు. రెండో ప్రపంచయుద్ధ కాలంలోను, ఆ తరువాతా ఆవిరితో ఇనుమును కాపాడే మందుకాగితాలు వచ్చాయి. మూసిన పెట్టెలో ఆవిరి నిండి ఇనుముకు పొర కట్టాలన్నదే వాటి వెనక ఉన్న ఆలోచన.

మద్రాసుకు వచ్చిన ఇనుము

దక్షిణాదిలో మొదటి ప్రయాణికుల రైలు 1856 జూలై 1న రాయపురం నుంచి వాలాజా రోడ్డు దాకా నడిచింది. ఆ ఏడాదే పెరంబూరులో రైల్వే వర్క్‌షాపు మొదలైంది. అప్పటి రైలుపెట్టెల్లో చాలా భాగం కర్రే. అందువల్ల కోత మిషన్లు, చిత్రిక మిషన్లు, వాటితో పనిచేసే వడ్రంగులు ఈ ఊరికి చాలా అవసరమయ్యారు. తెలుగు జిల్లాలనుంచి పనికోసం వచ్చి ఉత్తర మద్రాసులో స్థిరపడ్డ కుటుంబాలు ఎన్నో ఉన్నాయి. మా ముత్తాత నెల్లూరువైపు పల్లెనుంచి వచ్చి ఒక కలప అడితిలో చేరాడు. మిషను ముట్టుకున్నది ఇక్కడే. ఊళ్ళో నేర్చుకున్న ఆముదం, మైనం అలవాటు ఇక్కడి ఇనుప బల్లకు వచ్చింది.

1955 అక్టోబరు 2న నెహ్రూ పెరంబూరులో ఇంటిగ్రల్ కోచ్ ఫ్యాక్టరీని ప్రారంభించారు. అక్కడ పెట్టెలన్నీ ఉక్కువే. కర్రపెట్టెల కాలం మెల్లగా ముగిసింది. వడ్రంగులు తలుపులు, కిటికీలు, బీరువాల వైపు మళ్ళారు. పెద్ద అడితుల్లో తీసేసిన పాత మిషన్లు చిన్న షెడ్లకు చేరాయి. మా మిషను కూడా అలా తాత చేతికి వచ్చిన పాతదే.

రెండు రోజుల నీళ్ళు

2023 డిసెంబరు 3, 4 తేదీల్లో మిచాంగ్ తుపాను వాన చెన్నైని ముంచేసింది. ఆ తుపాను 5న బాపట్ల దగ్గర తీరం దాటింది. మా షెడ్డులో రెండు రోజులు నీళ్ళు నిలిచాయి. బల్ల మునిగింది. నీళ్ళు తీశాక చూస్తే బల్లంతా ఎర్రటి తుప్పు, మధ్యలో బురద చారలు.

పాత ఇనుము కొనే అతను వచ్చి కిలోల లెక్కన ధర చెప్పాడు. నాయన చేతిలో డబ్బు లేదు, నెలరోజుల పని ఆగిపోయింది. అమ్మేద్దామని దాదాపు ఒప్పుకున్నాడు. తాత కుర్చీ తెప్పించుకుని షెడ్డులో కూచుని, "పైన ఎర్రగా ఉంటే లోపల పోయినట్టు కాదురా. రెండు దినాలు నాకియ్యి" అన్నాడు.

ముందు మంచినీళ్ళతో బురద, ఉప్పు కడిగించాడు. వెంటనే పొడిగుడ్డతో తుడిచి ఫ్యాను పెట్టించాడు. కిరసనాయిలు పోసి, సన్న ఎమరీ కాగితాన్ని చదునైన చెక్కకు చుట్టి, పొడవునా ఒకేవైపు రుద్దమన్నాడు. వేళ్ళతో నొక్కి రుద్దితే గుంటలు పడతాయట. అందుకే చెక్క. నేనూ రుద్దాను. "తడి చేత్తో తాకబాకమ్మా, చెమట కూడా ఉప్పే" అని నాకు గుడ్డ ఇచ్చాడు. రెండో సాయంత్రానికి బూడిదరంగు ఇనుము బయటపడింది. ఉక్కు స్కేలు నిలబెట్టి దీపం వెలుగులో చూశారు. సందులోంచి వెలుతురు రాలేదు. బల్ల చదునుగానే ఉంది. రాత్రికి నూనె పట్టించి వదిలారు. పొద్దున తుడిచి కొవ్వొత్తి రుద్దారు. బేరింగులు కొత్తవి వేశారు. మోటారును మాత్రం బాగా ఆరబెట్టి, ఎలక్ట్రీషియన్ పరీక్షించి సరే అన్నాకే స్విచ్ వేశారు.

మిషను ఇప్పటికీ నడుస్తోంది. ఒక మూల నల్లటి మచ్చలు మిగిలాయి, పనికి అడ్డం లేదు.

బల్ల అంత తొందరగా బాగుపడడానికి కారణం రెండు రోజుల రుద్దుడు ఒక్కటే కాదని నాయన అంటాడు. ఎన్నో ఏళ్ళుగా రోజూ మైనం పట్టించిన బల్ల కాబట్టి తుప్పు లోతుకు దిగలేదట. వరదకు ముందు ప్రతి సాయంత్రం చేసిన పనే వరదలో కాపాడిందన్నమాట.

నాకు అర్థమైనది

చరిత్రలో కనిపెట్టడం ఒక పని, నిలబెట్టడం ఇంకో పని. కనిపెట్టినవాళ్ళకు తేదీ ఉంటుంది, పేటెంటు ఉంటుంది. నిలబెట్టినవాళ్ళ పని రోజూ ఒకేలా ఉంటుంది కాబట్టి దానికి తేదీ ఉండదు. పని బాగా చేస్తే ఏమీ జరగదు. ఏమీ జరగకపోతే ఎవరూ రాసుకోరు. మా తాత పద్ధతి ఏ కాగితంలోనూ లేదు, నోటిమాటగానే మూడు తరాలు వచ్చింది. నేను అడగకపోతే నాలుగో తరానికి వచ్చేది కాదేమో. మా అన్న కంప్యూటర్ కోర్సు చదువుతున్నాడు. నేను ఏం చదువుతానో ఇంకా తెలియదు.

మన బడిలో చదివేవాళ్ళ ఇళ్ళల్లో మగ్గం పని ఉంది, కుట్టుపని ఉంది, ఇనుపపని ఉంది, వంటపని ఉంది. ప్రతి పనిలోను ఇలాంటి నోటిమాటలు ఉంటాయి. అవి చెప్పేవాళ్ళు తెలుగులోనే చెబుతారు. మనకు తెలుగు రాయడం వచ్చు. అడిగి రాసుకుంటే పోయేదేమీ లేదు.

నేను తాత చెప్పినవి అట్టమీద పెద్ద అక్షరాలతో రాసి షెడ్డు గోడకు తగిలించాను. పొట్టు రాత్రికి వదలొద్దు. పచ్చి కర్ర బల్లమీద పెట్టొద్దు. తడి చెయ్యి పెట్టొద్దు. టీ గ్లాసు పెట్టొద్దు. ప్లాస్టిక్ పట్ట కప్పొద్దు, లోపల తేమ నిలుస్తుంది, నూలుగుడ్డ కప్పండి. వారానికి ఒకసారి మైనం, వానాకాలంలో రెండుసార్లు.

తాత అది చదివించుకుని విని, టీ గ్లాసు మాట అన్నిటికన్నా పైన రాయమన్నాడు.